లూథర్ ఆ కాగితం నిజంగా చర్చి తలుపుకి కొట్టాడా?

గ్రూప్స్_గండం
అందరికీ నమస్కారం. మత సంస్కరణ ఉద్యమం చాప్టర్ చదువుతున్నాను. ఏ గైడ్ తెరిచినా ఒకటే లైన్. 1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గ్ చర్చి తలుపుకి 95 వాదాంశాలు మేకులతో కొట్టాడు, యూరప్ రెండుగా చీలిపోయింది. ఒక్క కాగితానికే అంత జరిగిందా? మొన్న ఒక వీడియోలో ఒకాయన అసలు కొట్టనే లేదు, అంతా కట్టుకథ అన్నాడు. ఏది నమ్మాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, కొట్టుకోకుండా.

పాతకాగితం
కొట్టుకోకుండా అంటే ఈ టాపిక్‌లో కొంచెం కష్టమే తమ్ముడూ.

తలుపు సంగతి ముందు. లూథర్ ఎన్నో వేల పేజీలు రాశాడు, ఎక్కడా "నేను వెళ్లి తలుపుకి కొట్టాను" అని రాయలేదు. ఆ మాట బాగా వ్యాపించింది అతని సహచరుడు మెలాంక్‌థన్ వల్ల, అదీ 1546లో లూథర్ చనిపోయాక. మెలాంక్‌థన్ విట్టెన్‌బర్గ్‌లో అడుగుపెట్టిందే 1518లో కాబట్టి కళ్లతో చూసినవాడు కాదు. 1961లో ఎర్విన్ ఇసర్లో అనే కాథలిక్ చరిత్రకారుడు ఇది జరగనే లేదని వాదించాడు, జర్మనీలో పెద్ద రచ్చ అయింది. తర్వాత 2006లో లూథర్ దగ్గర లేఖకుడిగా పనిచేసిన రోరర్ చేతిరాత నోట్ ఒకటి వెలుగులోకి వచ్చింది, అందులో చర్చిల తలుపులకి పెట్టాడనే ఉంది, కానీ ఆయన కూడా 1517లో ఆ ఊళ్లో లేడు.

కొట్టి ఉండొచ్చు. అప్పట్లో యూనివర్సిటీ నోటీసులు చర్చి తలుపులకే పెట్టేవాళ్లు, అదేమీ తిరుగుబాటు కాదు, "ఈ విషయం మీద వాదనకి రండి" అని తోటి పండితులను పిలవడం. పైగా అదంతా లాటిన్‌లో ఉంది. బజారుకి వెళ్లే మనిషి ఆగి చదివినా అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అక్కడున్నది కూడా ఆ తలుపు కాదు. పాతది 1760లో యుద్ధంలో తగలబడిపోయింది, 1858లో కంచు తలుపులు పెట్టించి వాటి మీద 95 అంశాలూ పోతపోశారు. టూరిస్టులు ఫొటోలు దిగేది వాటి ముందే.

ఖచ్చితంగా తెలిసింది ఒకటుంది. అదే తేదీన మైంజ్ ఆర్చ్‌బిషప్ ఆల్‌బ్రెక్ట్‌కి చర్చి డబ్బుకి అమ్మే పాపపరిహార పత్రాల మీద ఫిర్యాదు చేస్తూ లూథర్ ఒక ఉత్తరం రాశాడు. దాని అసలు ప్రతి ఇప్పటికీ స్టాక్‌హోమ్ ఆర్కైవ్స్‌లో ఉంది.

గుంటూరు_ఘాటు
మాది లూథరన్ కుటుంబం అండి. చిన్నప్పుడు రిఫర్మేషన్ ఆదివారం వస్తే చాలు, మా పాస్టరుగారు ప్రసంగంలో సుత్తి దెబ్బలు కూడా నోటితో వినిపించేవారు, టక్ టక్ అని. ఇప్పుడు మీరొచ్చి కొట్టాడో లేదో అంటే ఎలా 😄

నిర్మొహమాటం
అందరూ తలుపు చుట్టూ తిరుగుతారు, ఉత్తరం ఎవరికి రాశాడో మాత్రం చూడరు. కథంతా అక్కడే ఉంది. ఇది వేదాంతం కంటే ముందు అప్పుల కథ.

ఈ ఆల్‌బ్రెక్ట్ ఎవరు? బ్రాండెన్‌బర్గ్ పాలక కుటుంబంలో చిన్నకొడుకు, 1490లో పుట్టాడు. 1513లో మాగ్డెబర్గ్ ఆర్చ్‌బిషప్ అయ్యాడు, పక్కనే హాల్బర్‌స్టాట్ కూడా చేతికొచ్చింది. మరుసటి ఏడాది మైంజ్ ఖాళీ అయింది. మైంజ్ అంటే మాటలా, జర్మనీ ప్రాంతాల మీద ఉండే పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో అక్కడి ఆర్చ్‌బిషప్ ఒకడు. చర్చి చట్టం ప్రకారం బిషప్‌కి 30 ఏళ్లు నిండాలి, ఇతనికి పాతికేళ్లు కూడా లేవు. ఒకడికి ఇన్ని పీఠాలు ఉండకూడదు, ఇతనికి మూడు కావాలి. రెండు అడ్డంకులకీ రోమ్‌లో మందు ఉంది, దాని పేరు డబ్బు. మైంజ్‌లో పదేళ్లలో ముగ్గురు ఆర్చ్‌బిషప్‌లు పోయారు, ప్రతిసారీ కొత్తవాడు రోమ్‌కి పెద్ద మొత్తం కట్టాలి, జనం దగ్గర ఇక పిండడానికి ఏమీ మిగల్లేదు. అందుకే "ఆ ఖర్చు నేనే పెట్టుకుంటా" అని ఒప్పుకుని ఆల్‌బ్రెక్ట్ పదవి కొట్టేశాడు.

డబ్బెక్కడిది? ఆగ్స్‌బర్గ్‌లో యాకబ్ ఫుగ్గర్ అని ఒక బ్యాంకర్, గనులూ రాగీ వెండీ అన్నీ ఆయన చేతిలోనే. అప్పు ఆయనిచ్చాడు. తీర్చే దారి పోప్ 10వ లియో చూపించాడు. నీ ప్రాంతాల్లో 8 ఏళ్లు పాపపరిహార పత్రాలు అమ్ముకో, సగం నాకు, సగం నీ అప్పుకి. జనానికి చెప్పింది మాత్రం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి అని. ఆ చర్చికి 1506లో శంకుస్థాపన చేశారు కాబట్టి సగం నిజమే. మిగతా సగం ఆగ్స్‌బర్గ్‌కి పోతోందని విట్టెన్‌బర్గ్‌లో పాఠాలు చెప్పుకునే లూథర్‌కి కూడా అప్పటికి తెలియదు. ఫిర్యాదు చేస్తూ ఉత్తరం రాసింది ఆ వ్యాపారం యజమానికే!

గ్రూప్స్_గండం
వామ్మో. ఇది ఏ గైడ్‌లోనూ లేదు. అంటే డబ్బు కడితే పాపం పోతుందని పోప్ సర్టిఫికెట్ ఇచ్చేవాడా?

పాతకాగితం
నిర్మొహమాటం గారు చెప్పిన లెక్క కరెక్టే, కానీ అది ఉత్త స్కామ్ అనుకుంటే జనం ఎందుకు కొన్నారో అర్థం కాదు.

సిద్ధాంతం ప్రకారం డబ్బుకి పాపం పోదు. పాపాన్ని ఒప్పుకుని పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడు. కానీ క్షమించాక కూడా కొంత శిక్ష మిగులుతుంది, అది ఇక్కడ ఉపవాసాలతోనో యాత్రలతోనో తీర్చుకోవాలి, తీరకపోతే చనిపోయాక పర్గెటరీలో, అంటే స్వర్గానికి ముందు ఆత్మ శుద్ధి అయ్యే చోట, అనుభవించాలి. ఈ పత్రం ఆ మిగులు శిక్షని తగ్గిస్తుంది. 1476లో పోప్ 4వ సిక్స్‌టస్ దీన్ని చనిపోయినవాళ్లకి కూడా వర్తింపజేశాడు. కిటుకు అక్కడుంది. నాకోసం కొనుక్కోవడం వేరు, పోయిన మా అమ్మ మంటల్లో ఉందని ఒక సన్యాసి చెబుతుంటే చేతిలో నాణెం పెట్టుకుని కొనకుండా ఇంటికి వెళ్లడం వేరు.

ఆ సన్యాసి యోహాన్ టెట్జెల్, డొమినికన్ అనే సన్యాసుల సంఘం వాడు. ఊళ్లోకి అతని రాక పెద్ద ఊరేగింపు. పోప్ ఆజ్ఞాపత్రాన్ని మఖ్మల్ దిండు మీద పెట్టి మోసుకొచ్చేవాళ్లు, గంటలు మోగేవి, గురువులూ పిల్లలూ కొవ్వొత్తులు పట్టుకుని ఎదురెళ్లేవాళ్లు. చర్చి మధ్యలో ఎర్ర శిలువ, పక్కన పోప్ జెండా, ముందు ఇనప పెట్టె. పెట్టె దగ్గర ఫుగ్గర్ మనిషి కూడా ఉండేవాడు. రేట్లు అంతస్తుని బట్టి. రాజులకీ బిషప్‌లకీ 25 బంగారు గిల్డర్లు, చేతిపనివాళ్లకి ఒకటి, ఏమీ లేనివాళ్లు ప్రార్థన, ఉపవాసం చేస్తే చాలు. ఈ చివరి మాట టెట్జెల్ ఎంత గట్టిగా చెప్పేవాడో ఊహించుకోండి.

మైన్‌గట్టు
ఇక్కడ నాదొక మాట. నేనుండేది ఫ్రాంక్‌ఫర్ట్ వైపు, మైంజ్ పక్కనే. గుటెన్‌బర్గ్ ఊరు కదా, అచ్చు అనగానే అందరూ ఆయన బైబిల్ అంటారు. కానీ కదిలే అక్షరాలతో యూరప్‌లో అచ్చయినవాటిలో తేదీ ఉన్న తొలి కాగితాలేంటో తెలుసా? 1454 నాటి పాపపరిహార పత్రాలు! టర్కీ మీద సైప్రస్‌కి సాయం పేరుతో అమ్మినవి. ఒక్క పేజీ ఫారం. వాక్యాలన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయి, కొన్నవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయడానికి ఖాళీలు వదిలి ఉంటాయి. పెన్నుతో నింపి ఇచ్చేయడమే. చర్చికి అచ్చుయంత్రం మొదట ఇందుకు పనికొచ్చింది, 60 ఏళ్ల తర్వాత అదే యంత్రం వాళ్ల మీదకే తిరిగింది.

రాగరేఖ
నాకు ఇందులో అన్నిటికంటే తమాషాగా అనిపించేది లూథర్ రాజుగారు, శాక్సనీ ఫ్రెడరిక్. టెట్జెల్‌ని తన రాజ్యంలోకి రానివ్వలేదు. భక్తి వల్ల అనుకునేరు! ఆయనకి సొంత షాపు ఉంది. విట్టెన్‌బర్గ్ కోట చర్చిలో పవిత్ర అవశేషాలు పోగేశాడు, 1520 నాటికి 19,000కి పైనే. యేసు ముళ్లకిరీటంలో ముల్లు, మరియ పాలు, పశువుల తొట్టిలో గడ్డి... అన్నీ దర్శించి చెప్పిన ప్రార్థనలు చేస్తే పర్గెటరీలో 19 లక్షల ఏళ్లకి పైగా శిక్ష తగ్గింపు అని లెక్క కట్టారు. ఏటా నవంబర్ 1, సర్వ పరిశుద్ధుల పండుగ అక్కడ పెద్ద సందడి. లూథర్ ఉత్తరం తేదీ దానికి ముందు రోజే చూడండి. తన జీతమిచ్చే రాజు కొట్టు ముందు నిలబడి పొరుగువాడి కొట్టుని తిట్టినట్టు అయింది.

సరిహద్దు అవతల యూటర్‌బోగ్‌లో టెట్జెల్ అమ్ముతుంటే విట్టెన్‌బర్గ్ జనం నడిచి వెళ్లి కొనుక్కొచ్చారు. వచ్చి లూథర్ దగ్గర "మాకు పత్రం ఉంది, ఇక మమ్మల్ని మందలించకండి" అన్న ధోరణిలో మాట్లాడారు. ఆయనకి మండింది అక్కడే. చర్చి ఆదాయాల మీద ఆసక్తి తర్వాత సంగతి, తన దగ్గర పాపాలు ఒప్పుకునే మనుషులు మారడం మానేశారన్నది మొదటి బాధ. డబ్బు ఒక్కటే చూస్తే ఈ ముక్క జారిపోతుంది నిర్మొహమాటం గారూ.

నిర్మొహమాటం
ఒప్పుకోను అక్కా. 95 అంశాలు మీరే చదవండి. 86వది: ఈనాటి పోప్ ఆస్తి క్రాసస్‌ లాంటి మహా ధనవంతుల ఆస్తి కన్నా ఎక్కువ, అలాంటప్పుడు సెయింట్ పీటర్స్‌ని పేద విశ్వాసుల డబ్బుతో కాకుండా సొంత డబ్బుతో ఎందుకు కట్టడు? 82వది ఇంకా పదునైనది: పోప్‌కి పర్గెటరీని ఖాళీ చేసే అధికారమే ఉంటే, చర్చి కట్టడానికి డబ్బు కోసం కాకుండా ప్రేమతో అందరినీ ఒక్కసారే ఎందుకు విడిపించడు? జనంలోకి వెళ్లినవి ఇవే. పశ్చాత్తాపం మీద మొదటి అంశం ఎవరికి నోటికి వచ్చింది?

రాగరేఖ
ఆ 82, 86 లూథర్ తన ప్రశ్నలుగా రాయలేదు. "జనం ఇలా అడుగుతున్నారు, మేం ఏం జవాబు చెప్పాలి" అని రాశాడు. అంటే డబ్బు గొణుగుడు అప్పటికే బజార్లో ఉంది. దానికి వేదాంతం జోడించింది ఇతను. రెండూ కావాలి.

పాతకాగితం
నా ఓటు రాగరేఖ గారికి. ఆల్‌బ్రెక్ట్ ఉత్తరానికి జవాబివ్వలేదు, కాగితాల్ని రోమ్‌కి పంపి చేతులు దులుపుకున్నాడు. ఈలోగా 1517 చివరికే నురెంబర్గ్, లైప్‌జిగ్, బాసెల్‌లో ఆ 95 అచ్చయిపోయాయి. అసలు పేలింది 1518 మార్చిలో. అదే విషయాన్ని లూథర్ జర్మన్‌లో చిన్న చిన్న పేరాలుగా, కొన్ని పేజీల ప్రసంగంగా రాశాడు. రెండేళ్లలో ఇరవైకి పైగా ముద్రణలు. చేంతాడంత గ్రంథాలు కాకుండా ఒక్క కాగితాన్ని మడిస్తే అయిపోయే పుస్తకం, అచ్చువాడికి ఒకటి రెండు రోజుల పని, వెంటనే డబ్బు. ఊరి చిత్రకారుడు లూకాస్ క్రానాక్ వాటికి ముఖపత్రాలు గీశాడు, మధ్యలో "లూథర్", "విట్టెన్‌బర్గ్" పెద్దక్షరాల్లో. ఎరాస్మస్ అంతకంటే గొప్ప పండితుడే, చర్చిని ఆడిపోసుకున్నాడు కూడా, కానీ ఆయన రాసింది లాటిన్‌లో, చదివినవాళ్లు నవ్వుకుని ఊరుకున్నారు.

బెజవాడ_బుల్లోడు
నా డౌట్ వేరు. నూరేళ్ల ముందు యాన్ హస్ అనే చెక్ బోధకుడు ఇలాంటివే మాట్లాడితే 1415లో కాన్‌స్టాన్స్‌లో తగలబెట్టేశారు కదా. ఇతన్నెందుకు వదిలేశారు? అచ్చుయంత్రం మంటల్ని ఆర్పదు కదా.

నిర్మొహమాటం
భలే అడిగావు బుల్లోడూ. మళ్లీ డబ్బే!

1519 జనవరిలో చక్రవర్తి మాక్సిమిలియన్ పోయాడు. మనవడు స్పెయిన్ చార్లెస్‌కి, ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్‌కి మధ్య పోటీ. ఎన్నుకునేది ఏడుగురు, ఒక్కో ఓటుకీ వేలం. చార్లెస్ దాదాపు 8.5 లక్షల ఫ్లోరిన్లు ఖర్చుపెట్టాడు, అందులో 5.4 లక్షల పైన ఫుగ్గర్ అప్పే. ఓటు అమ్ముకున్నవాళ్లలో మన ఆల్‌బ్రెక్ట్ కూడా ఉన్నాడు. తర్వాత 1523లో ఫుగ్గర్ చక్రవర్తికే ఉత్తరం రాశాడు, నా సాయం లేకుండా మీకు కిరీటం వచ్చేది కాదు, బాకీ పంపండి అన్న అర్థంతో. చక్రవర్తికి ఒక వ్యాపారి అలా రాయగలిగాడు!

ఇందులో లూథర్ ఎక్కడ? పోప్ లియోకి చార్లెస్ గెలవడం ఇష్టం లేదు, కింద నేపుల్స్, పైన జర్మనీ ఒకడి చేతిలో పడితే రోమ్ మధ్యలో నలుగుతుంది. అందుకే ఫ్రెడరిక్‌ని దువ్వాల్సి వచ్చింది, ఆయన్ని పోటీకి దింపాలని కూడా చూశారు. ఫ్రెడరిక్ దగ్గరున్న సన్యాసిని అప్పుడు ముట్టుకుంటారా? కేసు నెలల తరబడి నత్తనడక నడిచింది. ఆ గ్యాప్‌లో యూరప్ అంతా చదివేసింది.

పాతకాగితం
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. 1520లో బహిష్కరణ హెచ్చరిక వచ్చేసరికి ఆలస్యమైపోయింది, డిసెంబర్ 10న లూథర్ దాన్ని ఊరి బయట మంటలో వేశాడు. 1521 ఏప్రిల్‌లో వోర్మ్స్ సభ. చక్రవర్తికి 21 ఏళ్లు, బల్ల మీద లూథర్ పుస్తకాలు పేర్చి, ఇవి నీవేనా, వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. మొదటి రోజు ఈయన గొంతు సరిగా పెగల్లేదు, ఒక రోజు గడువు అడిగాడు. గైడ్‌లలో రాసే "ఇక్కడే నిలబడ్డాను, మరోలా చేయలేను" అన్న మాట సభలో అప్పుడు రాసుకున్న రికార్డుల్లో లేదు, తర్వాత విట్టెన్‌బర్గ్‌లో అచ్చయిన ప్రతిలో చేరింది. తమ్ముడూ, ఎగ్జామ్‌లో రాస్తే మార్కులు కోయరులే.

తిరుగు ప్రయాణంలో ఫ్రెడరిక్ మనుషులే ఉత్తుత్తి కిడ్నాప్ చేసి వార్ట్‌బర్గ్ కోటలో దాచారు. గడ్డం పెంచి, పేరు మార్చుకుని, అక్కడ కూర్చుని కొత్త నిబంధనని గ్రీకు నుంచి జర్మన్‌లోకి దాదాపు 11 వారాల్లో అనువదించాడు. 1522 సెప్టెంబర్‌లో అచ్చయింది.

ఎర్రమట్టి
అందరూ లూథర్‌ని హీరో చేసేస్తున్నారు, 1525 ఎవరూ ఎత్తరేం? రైతులు మెమ్మింగెన్‌లో 12 డిమాండ్లు రాశారు. మా పాస్టర్ని మేమే ఎన్నుకుంటాం, క్రీస్తు అందరినీ తన రక్తంతో విడిపించాడు కాబట్టి వెట్టి బానిసత్వం వద్దు, అడవిలో కట్టెలు, ఏట్లో చేపలు మాకూ కావాలి. బైబిల్లో తప్పని చూపిస్తే ఏ డిమాండ్ అయినా వదులుకుంటాం అని కూడా రాశారు. ఇదంతా లూథర్ దగ్గర నేర్చుకున్నదే. ఆయనేం చేశాడు? రైతుల్ని పొడవండి, నరకండి, పిచ్చికుక్కని చంపినట్టు చంపండి అని దొరలకి రాశాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్‌లో వేలమందిని ఊచకోత కోశారు. రైతుల వైపు నిలబడి నడిపించిన బోధకుడు థామస్ ముంట్జెర్‌ని పట్టుకుని హింసించి తల నరికారు. ఆ ఏడాది మొత్తం చచ్చినవాళ్లు లక్ష దాకా ఉంటారని అంచనాలున్నాయి. దీన్ని ఏ ఆదివారం ప్రసంగంలో చెబుతారు?

గుంటూరు_ఘాటు
మా చర్చిలో చెప్పలేదండి, నిజమే. పెద్దయ్యాక నేనే చదివి తెలుసుకున్నాను, చాలా బాధేసింది. అయితే ఒక్కటి, అంతకు ముందు ఏప్రిల్‌లో రాసినదాంట్లో ఈ గొడవకి కారణం మీ దోపిడీయే అని దొరల్నే తిట్టాడు కదా. రెండోది జనం చేతికి వచ్చేసరికి ఊచకోత అప్పటికే మొదలైపోయింది.

ఎర్రమట్టి
తిట్టాడు, తర్వాత వాళ్ల పక్కనే నిలబడ్డాడు. తేదీల వల్ల మాటలు మారవు అండి. 1543లో యూదుల మీద రాసింది కూడా చదవండి, వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమన్నాడు. నాజీలు దాన్ని బయటకి తీసి వాడుకున్నారు.

గుంటూరు_ఘాటు
దాన్ని నేను సమర్థించను. ప్రపంచంలో చాలా లూథరన్ సంఘాలు కూడా ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించాయి.

రాగరేఖ
1525 అనగానే గుర్తొచ్చింది, అదే జూన్‌లో, రైతుల రక్తం ఆరకముందే, లూథర్ పెళ్లి. వధువు కాథరీనా వాన్ బోరా, మఠం నుంచి పారిపోయి వచ్చిన సన్యాసిని. ఆల్‌బ్రెక్ట్ పెళ్లికానుకగా 20 గిల్డర్లు పంపించాడట, అవును, ఆ ఆల్‌బ్రెక్టే. లూథర్ తిరిగి పంపేయమన్నాడు. కాథరీనా ఉంచేసుకుంది! ఆవిడకి తెలుసు ఇల్లు ఎలా గడవాలో. పాత మఠం భవనాన్ని హాస్టల్‌లా నడిపింది, బీరు కాచింది, పశువుల్ని మేపింది, పొలం కొనిపించింది. లూథర్ బల్ల దగ్గర కబుర్లు చెబుతుంటే విద్యార్థులు రాసుకున్నారు, ఆ బల్ల మీద అన్నం ఎవరు పెట్టారో ఈవిడ లెక్కలే చెప్పాలి.

బెజవాడ_బుల్లోడు
20 గిల్డర్లు 😂 కాథరీనమ్మకి దండం.

గుంటూరు_ఘాటు
ఆల్‌బ్రెక్ట్ గురించి ఇంకొకటి, ఇది మనవాళ్లకి తెలియాలి. ఆయన ఎక్కువగా ఉన్నది హాలే అనే ఊళ్లో. ఫ్రెడరిక్‌కి పోటీగా అక్కడా పెద్ద అవశేషాల సేకరణ పెట్టాడు. చివరికి హాలే జనమే లూథర్ వైపు తిరిగారు, నెత్తిన అప్పులు, 1541లో ఊరు వదిలి వెళ్లిపోయాడు.

రెండు వందల ఏళ్లు ముందుకి రండి. అదే హాలేలో పైటిస్ట్ (వ్యక్తిగత భక్తికి పెద్దపీట వేసే) లూథరన్ల సంస్థలు, బడి, అనాథాశ్రమం, ముద్రణాలయం. అక్కడి నుంచి తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు, తిరిగి వెళ్లాక 1746-47లో హాలేలోనే తెలుగు అక్షరాలు పోతపోయించి చిన్న పుస్తకాలు అచ్చువేశాడు. వాటిలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఒకటి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చెప్పేవి ఇవే. గుంటూరుకి ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చాడు, మా లూథరన్ చరిత్ర అక్కడి నుంచి మొదలుపెడతాం, కానీ లూథర్ తెలుగులో అచ్చయింది అంతకు దాదాపు వందేళ్ల ముందు, ఆల్‌బ్రెక్ట్ ఊళ్లో!

పాతకాగితం
అద్భుతం అండి. ఇది వేరే టాపిక్‌గా పెట్టండి, పాత తెలుగు అచ్చు మీద నా దగ్గర చాలా ఉంది, ఇక్కడ మొదలుపెడితే పాపం గ్రూప్స్_గండం సిలబస్ దాటిపోతాడు.

గ్రూప్స్_గండం
ఇప్పటికే దాటేశాను సార్. రాత్రి అంతా ఇదే చదువుతూ కూర్చున్నా, ఎకానమీ ముట్టుకోలేదు. ఒకే ప్రశ్న, ఆ ఫుగ్గర్ ఏమయ్యాడు? అతనికి పాపభయం లేదా?

మైన్‌గట్టు
1525 డిసెంబర్‌లో పోయాడు, చివరిదాకా కాథలిక్కే. పాపభయం ఉన్నట్టే ఉంది, ఎందుకంటే ఆగ్స్‌బర్గ్‌లో పేదల కోసం ఒక కాలనీ కట్టించాడు, ఫుగ్గరై అంటారు, 1521లో రాసిన దస్తావేజు. ఇప్పటికీ నడుస్తోంది, జనం కాపురం ఉంటున్నారు. అద్దె అప్పట్లో ఏడాదికి ఒక గిల్డర్, పెంచలేదు, ఇవాళ్టి లెక్కలో 88 సెంట్లు. నెలకి కాదు, ఏడాదికి! షరతు ఏంటంటే అక్కడ ఉండేవాళ్లు రోజుకి మూడు ప్రార్థనలు ఫుగ్గర్ కుటుంబం ఆత్మల కోసం చెప్పాలి. పరిహార పత్రాల డబ్బు మధ్యలో పట్టుకున్నవాడు తనకోసం మాత్రం ఐదు వందల ఏళ్లు నడిచే ఏర్పాటు చేసుకున్నాడు. రాత్రి పదికి గేటు వేసేస్తారు, ఆలస్యమైతే కాపలావాడికి 50 సెంట్లు ఇవ్వాలి.

గ్రూప్స్_గండం
ఏడాదికి 88 సెంట్లా!! అశోక్‌నగర్‌లో మంచం ఒక్కదానికి నేను కట్టేది తలుచుకుంటే ఏడుపొస్తోంది. మనకి ఇస్తారా అన్నా?

మైన్‌గట్టు
కనీసం రెండేళ్లు ఆగ్స్‌బర్గ్‌లో ఉన్నవాడై ఉండాలి, కాథలిక్ అయి ఉండాలి, పేదవాడై ఉండాలి, అప్పులు మాత్రం ఉండకూడదు.

గ్రూప్స్_గండం
మూడోది ఫుల్ మార్కులు. నాలుగోదాంట్లో పోయింది.